పల్సానాలో పట్టేసిన ఇంజన్

ముంబై–అహ్మదాబాద్ హైవే మీద పల్సానా వస్తుంటే ఒకపక్క చెరకు తోటలు, ఇంకోపక్క డైయింగ్, ప్రింటింగ్ మిల్లుల పొగగొట్టాలు. సూరత్ జిల్లాలో ఇదొక తాలూకా కేంద్రం. తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లోని లింబాయత్ వైపు స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలవాళ్లు కొందరు ఈ మిల్లులకు బండి మీదే వచ్చిపోతారు. బండి ఆగితే షిఫ్టు పోతుంది, ఆ రోజు కూలీ పోతుంది. అలాంటివాళ్ల బండ్లు బాగుచేసే ఒక తెలుగు మెకానిక్ షెడ్డుకు వెళ్లాను.

అప్పుడే ఒక కుర్రాడు స్ప్లెండర్‌ను తోసుకొచ్చాడు. వేరేచోట బోరు చేయించి, కొత్త పిస్టను, రింగులు వేయించాడట. హైవే ఎక్కిన కాసేపటికే ఇంజన్ పట్టేసింది, చల్లారినా వదల్లేదు. కిక్కు మీద బరువంతా వేయబోతుంటే మెకానిక్ ఆపాడు.

“జబర్దస్తి చెయ్యకు తమ్మీ. మంచిగున్నయి గూడ ఇరుగుతయి.”

ముందు ప్లగ్ విప్పాడు. కార్బొరేటర్ పొంగి సిలిండర్‌లో పెట్రోలు నిండినా కిక్కు ఇలాగే బిగుసుకుంటుంది. ప్లగ్ తీసి తిప్పితే పెట్రోలు చిమ్మి ఇంజన్ వదులవుతుంది. ఇక్కడ చుక్క రాలేదు. మాగ్నెట్ నట్టుకు పానా పెట్టి మెల్లగా అటూ ఇటూ కదిపి చూశాడు. కొంత తిరిగి టక్కున ఆగితే టైమింగ్ తప్పి వాల్వు పిస్టనుకు తగులుతోందేమో చూడాలి. ఇది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ప్లగ్ రంధ్రంలో డీజిలు, ఆయిలు పోసి నాననిచ్చి, హెడ్ విప్పాడు. “ఆయిలు అందలేదా అన్నా?” అన్నాడు కుర్రాడు. నేనూ అదే అనుకున్నాను. మెకానిక్ హెడ్‌లోని క్యామ్‌షాఫ్ట్‌ను వెలుతురులో తిప్పి చూపించాడు: నూనె తడి ఉంది, గీత లేదు. పైదాకా ఆయిలు వచ్చినట్టే. నాకు ఆ పూట మొత్తంలో బాగా నచ్చింది ఇదే. సులువుగా తోచిన కారణాన్ని ఆయన సాక్ష్యం చూడకుండా ఒప్పుకోలేదు.

చెక్కసుత్తితో తట్టి తట్టి బ్లాకు లేపాక పిస్టను మీద గీతలు కనిపించాయి, ఒక్కవైపు కాదు, చుట్టూ. రింగు కొసలు రెండూ రాసుకుని అద్దంలా మెరుస్తున్నాయి. అదే కొలత కొత్త రింగును బోరులో దెబ్బతినని చోట పెట్టి, కొసల మధ్య ఫీలర్ గేజి దూర్చబోయాడు. అన్నిటికంటే సన్నని రేకు కూడా దూరలేదు. కంపెనీ లెక్కన 50 మిల్లీమీటర్ల బోరు ఇది. చల్లగా ఉన్నప్పుడు అక్కడ కనీసం 0.1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. వేడికి రింగు సాగి కొసలు ఢీకొంటే, ఇక గోడను నొక్కడం తప్ప దానికి దారి లేదు.

పిస్టనుకూ అంతే. ఈ కొలత అల్యూమినియం పిస్టను 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.11 మిల్లీమీటరు పెరుగుతుంది. పోతఇనుప స్లీవు అందులో సగమే. ఆ తేడాకు బోరు చేసేటప్పుడే చోటు వదలాలి.

కింద ఆయిలు జాలి తీస్తే గ్యాస్కెట్ గమ్ము ముక్కలు దొరికాయి. పైన కొత్త సామాను బిగించినవాళ్లు కింద చూడలేదు. ఇంకొన్నాళ్లు తిరిగుంటే ఇంజన్ ఈసారి నిజంగానే ఆయిలు అందక పట్టేసేది.

ఇంజన్ పైభాగం వరకే చేసే సగం రిపేరు తప్పు కాదు. కొలవకుండా చేసిన సగం రిపేరు తప్పు. మీ బండికి బోరు చేయిస్తే రింగు గ్యాపు మీ ఎదుటే కొలవమనండి, ఆయిలు జాలి కడిగించండి. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఆయిలు మార్చండి.