రాని జవాబు

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు కబురు పెట్టారు. కవిత్వం నా చేత కాదు. ఉపన్యాసం దంచుదామంటే వినే ఓపిక మీకుండదు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అదైతే నాకు బాగా తెలిసిన విషయం!

2009లో ఎమ్.సి.ఎ. ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మా హాస్టల్లో డివైడింగ్ మెస్. ఎవరి బాకీ ఎంతో తెలియాలంటే మెస్ ఆఫీసు కిటికీ దగ్గర అరగంట పడిగాపులు పడాలి. "ఈ లెక్కలన్నీ కంప్యూటర్లో చూపిస్తాను, చూస్తూండండి" అని పదిమందిలో గొప్పలు పోయాను.

అప్పట్లో మాకు ఫ్లెక్స్ అంటే మహా మోజు. మామూలు వెబ్ పేజీలో ఏది నొక్కినా పేజీ అంతా పోయి మళ్లీ రావాలి. ఫ్లాష్ ప్లేయర్ మీద నడిచే ఫ్లెక్స్ తెర అలా కాదు. ఒకసారి బ్రౌజర్లోకి దిగిందంటే అక్కడే కూర్చుంటుంది, కావలసిన అంకెలు మాత్రం సర్వర్ నుంచి తెప్పించుకుంటుంది. ఆఫీసు కంప్యూటర్లో మైఎస్‌క్యూఎల్‌లో లెక్కలు, వాటిని చదివి ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా పంపే చిన్న పీహెచ్‌పీ ప్రోగ్రాము, ఇవతల నా తెర. తెరకు మూడు వారాలు పట్టింది. రంగులేమిటి, జారే మెనూలేమిటి! డేటా కలపడానికి మాత్రం ఒక్క రాత్రి కేటాయించాను.

సర్వర్‌ను అడగడమంటే జవాబు కార్డు పోస్టు చేయడం లాంటిది. జవాబు వచ్చేదాకా ప్రోగ్రాము ఆగదు, తన పని తాను చూసుకుంటుంది. అందుకే జవాబు వస్తే ఏం చెయ్యాలో 'రిజల్ట్'లోనూ, రాకపోతే ఏం చెయ్యాలో 'ఫాల్ట్'లోనూ రాసిపెట్టాలి. నేను మొదటిది రాశాను. రెండోది తర్వాత చూద్దాంలే అనుకున్నాను. బాకీ గడిలో ముందుగా సున్నా పెట్టాను. జవాబొస్తే అసలు అంకె వచ్చి పడుతుంది గదా అని ధీమా. ల్యాబ్‌లో ప్రతిసారీ పడింది కూడా.

ఒక సాయంత్రం ఆఫీసులో కరెంటు పోయింది. హాస్టల్ కంప్యూటర్లో నా తెర తెరిచే ఉంది. మా రూమ్మేటు వచ్చి తన నంబరు కొట్టాడు. సర్వర్ నుంచి జవాబు రాలేదు. తెర మీద నిండు సున్నా! వాడు సంతోషంగా, మెస్ కోసం వాళ్ల నాన్న పంపిన డబ్బు అమ్మ మందులకని తిరిగి ఇంటికి పంపేశాడు.

పరీక్షలకు మూడు రోజుల ముందు, బాకీ కట్టందే హాల్ టికెట్ ఇవ్వమన్నారు. వాడు ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "ఒరేయ్, తెలీదని చూపించుంటే నేనే వెళ్లి గుమాస్తాగారిని అడిగేవాణ్ణి గదరా" అన్నాడు, అంతే. ఆ మాట ఈనాటికీ గుచ్చుతుంది. వార్డెన్ గారి దగ్గరికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. స్నేహితులం తలా కొంత వేసుకుని బాకీ కట్టాం. వాడు పరీక్ష రాశాడు. ఆ రాత్రే నేను 'ఫాల్ట్' రాశాను: "లెక్క అందలేదు. ఆఫీసులో కనుక్కోండి."

2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. ఇప్పటి మీ చేతిలో ఫెచ్ ఉంది, జేసన్ ఉంది. కానీ తిరకాసు పాతదే. సర్వర్ "నా వల్ల కాలేదు" అని 500 నంబరు పంపినా ఫెచ్ దాన్ని జవాబు కిందే జమకడుతుంది. 'ఓకే' అవునో కాదో చూసుకోవలసింది మనమే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెరకు రంగులు వేసే ముందు ఒక్క పని చెయ్యండి. సర్వర్ ఆపేసి, మీ తెర ఏమంటుందో చూడండి. తెలియనప్పుడు తెలియదని చెప్పడం దానికి నేర్పండి. ఆ సున్నాను నమ్మి ఎవరో ఒకరు ఇంటికి డబ్బు పంపేస్తారు.