గడియ వేయని తలుపు

మదురలో ఒకప్పుడు చింతామణి టాకీసు ఉండేదని మన కారియాపట్టి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. తెలుగువాడైన వై. వి. రావుగారు 1937లో తీసిన తమిళ ‘చింతామణి’ ఏడాదికి పైబడి ఆడింది. త్యాగరాజ భాగవతార్ బిల్వమంగళుడు, అశ్వత్థమ్మ చింతామణి. ఆ రాబడితోనే రాయల్ టాకీసువారు ఆ హాలు కట్టించి, ఆ పేరే పెట్టారు.

కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం వల్లా, 1956లో భానుమతి, రామారావుగార్లు నటించిన చిత్రం వల్లా ఆ పేరు మన తెలుగు ఇళ్ళకూ తెలిసినదే. పాత కథలో బిల్వమంగళుడు తండ్రి తద్దినం నాడు కూడా ఉండబట్టలేక బయలుదేరుతాడు. గాలివానలో శవాన్ని దుంగ అనుకొని ఏరు ఈదుతాడు. పామును తాడనుకొని గోడ ఎక్కుతాడు. చిన్నతనంలో నేను, “ఎంత ప్రేమో!” అంటే, మా అవ్వ నవ్వి, “ప్రేమ కాదురా అబ్బీ, కన్ను కానలేదు. కనబడితే పామును పడతాడా?” అన్నది.

ఆ మాట నాకు ఇరవైమూడో ఏట అర్థమయింది. అప్పుడు నేను అరుప్పుకోట్టైలో గుమాస్తాను. అక్కడ ఒక అమ్మాయితో స్నేహం కలిసింది. ఆమె మూడు రోజులు మాట్లాడేది కాదు. నాలుగోనాడు ఒక్క చల్లని మాట. ఆ ఒక్క మాట కోసం మళ్ళీ మూడు రోజులు పడిగాపులు. తప్పంతా ఆమెదే అంటే అబద్ధం. ఆమె ఎవరితో మాట్లాడుతున్నదోనని బస్సు నిలయంలో స్తంభం చాటున నిలబడి చూసినవాణ్ణి నేను. నిలదీసేవాణ్ణి, ఏడిపించేవాణ్ణి, పిమ్మట నేనే ఏడ్చేవాణ్ణి. జీతం సగం ఎస్.టి.డి. బూతుకే పోయేది.

ఒక రాత్రి ఆమె ఫోనులో, “ఇప్పుడు రాకపోతే ఇక ఎన్నడూ రావద్దు” అన్నది. ఇంట్లో మా అమ్మ చలిజ్వరంతో మూలుగుతున్నది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. సైకిలు తీశాను. ఇరవై కిలోమీటర్లు తొక్కి వెళితే, ఆమె కిటికీలోంచి చూసి దీపం ఆర్పేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు ఇల్లు గుర్తు రాలేదు. రేపు ఎట్లా మంచి చేసుకోవాలా అనే ఆలోచించాను.

తెల్లవారి ఇల్లు చేరేసరికి తలుపు ఓరగా ఉంది. అమ్మ పక్కన ఎదురింటి అత్త కూర్చుని ఉన్నది. “గడియ వేస్తానంటే వద్దన్నదిరా, నువ్వు వస్తే లేచి తీయలేనేమోనని” అన్నది అత్త. అమ్మ ఏమీ అనలేదు. తిట్టి ఉంటే రోషంతో మళ్ళీ అటే పోయేవాణ్ణేమో.

ఒక్కనాటితో తెగలేదు. వేరే పని చూసుకొని, ఆ ఊరు మానడానికి ఏడాది పట్టింది. ఆమెకూ వేరే సంసారం ఏర్పడింది. సుఖంగా ఉండాలనే కోరుకుంటాను. మేమిద్దరం ఒకరికొకరం పాములమే అయ్యాము.

ఇప్పుడు నా కూతురు కాలేజీకి పోతున్నది. ఎప్పుడైనా ఫోను చూసి ముఖం మాడ్చుకుంటే నేను అడగను, అరవను. పడుకోబోయేముందు, “తలుపు తీసే ఉంటుందమ్మా” అని మాత్రం అంటాను.