ఎనిమిది వేలలో డ్రిఫ్ట్ కారు

మా అక్క కొడుకు పదో తరగతి పాసైనప్పుడు బావ ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. ఫోన్ కొనుక్కుంటాడనుకున్నాం. వాడు డ్రిఫ్ట్ కారు కావాలన్నాడు. రిమోట్‌తో నడిచేదే గానీ, మలుపులో వెనక భాగం పక్కకి జారిపోతుంటే ముందు చక్రాలు ఎదురు వైపుకి తిరిగి బండిని నిలబెడతాయి చూడండి, ఆ రకం. "ఇంత డబ్బెట్టి ఆటబొమ్మేటి?" అని అక్క గొడవ. బావ నా వైపు చూశాడు. గనిలో మెకానికల్ పని చేస్తాను కాబట్టి చక్రాలున్న ప్రతిదీ నాకు తెలుసని మా ఇంట్లో ఒక నమ్మకం. అది 2022 వేసవి.

అనుకోకుండా నాన్న మనవడి పక్షం చేరాడు. డ్రిఫ్టింగ్ జపాన్ కొండ రోడ్ల మీద పెరిగిన విద్య అని వీడు చెప్తుంటే విని, "ఆళ్ల కార్లకి ఇనుము ఎక్కడిదనుకున్నావు? మేం తవ్విందే" అన్నాడు. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి బైలడీలా ఇనుప గనుల కొండ మీద సర్వీసంతా చేసి రిటైరైన మనిషి. ఆయనది వట్టి గొప్ప కాదు. 1968లో ఇక్కడ 14వ డిపాజిట్ అనే గని మొదలైందీ, అంతకు ముందు కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేసిందీ విశాఖ రేవు మీదుగా జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకి ఖనిజం పంపడానికే. డ్రిఫ్ట్ కింగ్ అని పేరు పడ్డ కీయిచీ సుచియా నడిపిన టొయోటా ఏఈ86లో మా కొండ రాయి ఉందో లేదో తేల్చగలిగేవాడెవడూ లేడు. నాన్న మాత్రం ఉందనే అంటాడు.

మొదట జగదల్‌పూర్‌లో ఒక దుకాణంలో చూశాం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో డ్రిఫ్ట్ అని ఉంది, ధర రెండు వేల లోపు. రిమోట్ చక్రాన్ని మెల్లగా తిప్పమన్నాను వాడిని. కాస్త తిప్పినంత సేపూ ముందు చక్రాల్లో కదలిక లేదు, ఇంకొంచెం తిప్పేసరికి టక్కున ఆ చివరికి పోయాయి. మధ్యలో ఏమీ లేదు. జారుతున్న బండిని పట్టి ఉంచాలంటే ఇంత తిప్పితే అంతే తిరగాలి. అది లేనప్పుడు పెట్టె మీద ఏం రాసి ఉంటే మాత్రం ఏం లాభం? ఎవరు కొన్నా ముందు ఈ పరీక్ష చేయమంటాను, దానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత వాడి మనసు డబ్ల్యూఎల్‌టాయ్స్ కె969 మీదకి పోయింది. అసలు కారులో 28వ వంతు సైజు, నాలుగు చక్రాలూ తిరుగుతాయి, గట్టి ప్లాస్టిక్ టైర్లు దాంతోనే వస్తాయి. బడ్జెట్‌లో కూడా ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో టైల్స్ వేసిన హాలున్న ఇంట్లో పిల్లలుంటే నేనూ అదే కొనమంటాను. మాకున్నది కాలనీ సిమెంటు నేల, దాని మీద గని నుంచి దిగే ఎర్ర దుమ్ము. అరచేతిలో పట్టే బండికి ఆ నేలలో ప్రతి అతుకూ ఒక గట్టే. పైగా అది దిగుమతి సరుకు, స్పేర్ పార్టుల బెడద. 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2021 జనవరి నుంచి బీఐఎస్ గుర్తు లేకుండా బొమ్మలు అమ్మకూడదన్నారు. చిన్న పళ్ల చక్రం అరిగితే దాని కోసం ఎవరిని అడగాలి, అది ఎప్పటికి రావాలి?

పదో వంతు సైజులో కొత్త బండి, అదీ వెనక చక్రాలు మాత్రమే తిరిగేది, వాడి అసలు కల. అందులో జైరో ఉంటుంది. వెనక భాగం పక్కకి పోవడం ఆలస్యం, అది పసిగట్టి ముందు చక్రాలను తనే ఎదురు తిప్పుతుంది. చూడ్డానికి అసలు డ్రిఫ్ట్ అదే. కానీ బండి వేరు, మోటారు వేరు, రిమోట్ వేరు, అన్నీ విడివిడిగా కొనాలి. వాడే కాగితం మీద కూడిక వేసి, మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి విశాఖలో, ఉక్కునగరంలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు పాత టామియా టీటీ-01 అమ్ముతున్నాడని తెలిసింది. పదో వంతు సైజు, మధ్యలో షాఫ్టుతో నాలుగు చక్రాలకీ శక్తి వెళ్తుంది, గేర్లన్నీ మూతల కింద ఉంటాయి. దుమ్ములో నా ఓటు దానికే. మా కొత్తవలస-కిరండూల్ (కేకే) లైన్ రైలెక్కి, యాభై ఎనిమిది సొరంగాలు దాటుకుని వెళ్లాం. ఆ కుర్రాడు గచ్చు మీద నడిపి చూపించబోతే నేను వద్దన్నాను. బండి తిరగేసి, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు కుడి వైపు కరకరమంది. స్టీరింగులో వదులుంది. ముందు చక్రాలను తిప్పే సర్వో మోటారు మాత్రం వణక్కుండా తిరుగుతోంది. ఆ కరకరనీ, స్టీరింగు వదులునీ చూపించి బేరమాడితే రిమోట్‌తో కలిపి ఐదున్నర వేలకి తెగింది.

మిగిలిన రెండున్నర వేలే అసలు పరీక్ష. మేనల్లుడు లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కావాలన్నాడు, జోరుగా ఉంటుందని. ఆ బండిలో ఉన్న పాత స్పీడ్ కంట్రోలర్‌కి, వోల్టేజి పడిపోతే లిపోని ఆపే ఏర్పాటు లేదు. సెల్ మూడు వోల్టుల కంటే కిందికి పోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, ఒక ఛార్జరు తీసుకున్నాం. వాడికి నచ్చలేదు. అక్కకి నచ్చింది, లిపో అంత భయం ఉండదని.

తిరుగు ప్రయాణంలో రైలు దంతెవాడలోనే ఆపేశారు. ఈ లైనులో అది మామూలే. అక్కణ్ణుంచి జీపులో, అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

వచ్చిన టైర్లు రబ్బరువి. వాటితో బండి నేలని పట్టేసుకుంటుంది, జారదు. డ్రిఫ్ట్ టైర్లు ఆర్డరు పెట్టే డబ్బు లేదు. జపాన్‌లో ఈ ఆట తొలి రోజుల్లో చక్రాలకి ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడిగేవారని వాడే ఎక్కడో చూసి చెప్పాడు. బజారులో హార్డ్‌వేర్ షాపు నుంచి రెండంగుళాల పీవీసీ పైపు మూరెడు తెచ్చాం. పైపు చుట్టూ కాగితం చుట్టి, అంచు అంచుకి కలిపి గీత గీస్తే కోత వంకర పోదు. హ్యాక్సా బ్లేడుతో చక్రం వెడల్పుకి నాలుగు రింగులు కోశాం, అంచులు ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాం. చక్రం మీద రింగు కొద్దిగా వదులైతే ఇన్సులేషన్ టేపు చుట్టి బిగించాం. వెనక డిఫరెన్షియల్ విప్పి, పళ్ల మధ్య ఎమ్-సీల్ కూరాను. అప్పుడు వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, మలుపులో ఏదో ఒకటి జారక తప్పదు. ఈ పనంతటికీ అయింది రెండొందల లోపే.

కాలనీ షటిల్ కోర్టు తుడిచి బండిని వదిలాం. మొదట ఊరికే గిర్రున తిరిగి ఆగిపోయేది. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కడమే కారణం. సగం నొక్కి, వెనక భాగం జారగానే ఎదురు తిప్పి, ఆ సగాన్ని అలాగే పట్టి ఉంచమన్నాను. సాయంత్రానికి నెట్ స్తంభం చుట్టూ ఒక చుట్టు పక్కకి జారుతూనే తిరిగి వచ్చింది. గోండీ, హిందీ, తెలుగు కలిపి అరుస్తున్న పిల్లల మధ్య నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, "మలుపు దగ్గర తొందర పడకురా" అని కొండ మీద జీపు డ్రైవర్లకి చెప్పినట్టే చెప్తున్నాడు.

వానాకాలం రాకముందే ప్లాస్టిక్ బుష్‌లు దుమ్ముకి అరిగిపోయాయి. వాటి స్థానంలో ఐదు బై పదకొండు మిల్లీమీటర్ల బాల్ బేరింగులు వేశాం. మా వర్క్‌షాపులో డంపరు బేరింగు ఎత్తడానికి క్రేను పిలుస్తాం, ఇవి వేలి గోరంత. ఒకటి జారి కింద పడితే దొరకబుచ్చుకోవడానికి ఫోర్‌మన్ కూడా నేల మీద కూర్చున్నాడు.

ఇప్పుడు వాడు జైరో ధరలు చూస్తున్నాడు. బావ ఈసారి ఎంత అని అడగలేదు, డిగ్రీ మార్కులు వచ్చాక మాట్లాడదామన్నాడు.