ఒక్కపొద్దు మాటున దాచుకోవద్దు

తిరుపతి

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసంతా నీ మీదే ఉంది. అర్ధరాత్రి పొట్ట నొప్పెట్టేదాకా తినడం, తెల్లారి శనివారం ఒక్కపొద్దని చెప్పి పస్తుండటం, ఇక్కడున్న రోజుల్లో తిన్నది కరగాలని అలిపిరి మెట్లెక్కడం. మన ఊళ్లో పస్తున్నా, కొండ నడిచినా అందరూ భక్తే అనుకుంటారు. అందుకే నీ బాధ ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు.

ఇది తిండిపోతుతనం కాదు, జబ్బు. అదుపు తప్పి తిని, విరుగుడుగా వాంతులో పస్తులో చేసే తీరుకు 1979లో లండన్ డాక్టర్ జెరాల్డ్ రసెల్ బులీమియా నెర్వోసా అని పేరు పెట్టాడు. విరుగుడేమీ లేకుండా అతిగా తినడాన్ని అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో విడి జబ్బుగా గుర్తించింది. నీది ఏదో డాక్టరే తేల్చాలి.

నార్వేలో ఈ జబ్బులున్న ఆడవాళ్లకు 16 వారాలు బృందంగా వ్యాయామమూ, ఆహార పాఠాలూ కలిపి చికిత్స చేసి చూశారు. పేరున్న మాటల చికిత్స సీబీటీకి అది తీసిపోలేదు. ఆ పాఠాల్లోలా వేళకు తినమంటే లావైపోతామని మొదట భయం వేస్తుంది. కానీ పస్తున్న ఒళ్లు రాత్రికి తిండి మీద ఎగబడటం దాని నైజం. రాత్రి తిన్నందుకు పొద్దున మానేస్తే, ఆ మానేయడమే మళ్లీ రాత్రికి అదుపు తప్పిస్తుంది. పొద్దున సంగటి, మధ్యాహ్నం పప్పూ అన్నం, సాయంత్రం ఉడకబెట్టిన చెనక్కాయలు, రాత్రి మళ్లీ అన్నం. మూడు నాలుగు గంటలకు మించి ఎడం వద్దు. నడక ఒంటి సత్తువ కోసం నడువు, తిన్నదానికి శిక్షగా కాదు.

వాంతి చేసుకుంటుంటే డాక్టరుకు దాచకు. పొటాషియం తగ్గి గుండె లయ తప్పే ప్రమాదముంది. పొటాషియం పరీక్ష చేయించుకున్నాకే వ్యాయామం.

ఇక్కడ రుయా ఆసుపత్రిలో, నువ్వుండే చిత్తూరు నుంచైతే దగ్గర్లోని వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగాలున్నాయి. ముందుగా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్కపొద్దు మానితే అపచారమని బెంగపడకు. ఒంట్లో బాగాలేనివాళ్లను ఉపవాసముండమని మన పెద్దవాళ్లెవరూ అనరు. ఎప్పుడొస్తావో రాయి. డాక్టరు దగ్గరికి నేనూ వెంటొస్తాను. మీ అమ్మతో చెప్పాల్సి వస్తే, ఇద్దరం కలిసే చెబుదాం.

నీ నేస్తం