రైలు కథలో ట్రెవిథిక్ పేరు

రైలింజన్ ఎవరు కనిపెట్టారంటే చాలామంది ఠక్కున చెప్పే పేరు జార్జ్ స్టీఫెన్‌సన్. ఆయన గొప్పవాడే, కాదనను. కానీ ఆయన 'రాకెట్' ఇంజన్ 1829 నాటిది. అంతకు పాతికేళ్ల ముందే, 1804 ఫిబ్రవరి 21న, వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కార్ఖానా నుంచి రిచర్డ్ ట్రెవిథిక్ ఇంజన్ 10 టన్నుల ఇనుమునీ, 70 మంది మనుషుల్నీ లాక్కుంటూ పట్టాల మీద 9 మైళ్లకు పైగా నడిచింది.

జేమ్స్ వాట్ ప్రమాదమని వద్దన్న అధిక పీడన ఆవిరినే ఈ కార్న్‌వాల్ గనుల మనిషి నమ్ముకున్నాడు. ఇంజన్ చక్రాల మీదికి ఎక్కేంత చిన్నదైంది అందుకే. ఓడిపోయింది ఇంజన్ కాదు, పోత ఇనుప పట్టాలు. ఆ బరువుకు అవి విరిగిపోయాయి.

తర్వాత పెరూ వెండి గనులకు వెళ్లి, అక్కడి యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నాడు. తిరుగుదారిలో, 1827లో కార్తహేనా రేవులో, చేతిలో చిల్లిగవ్వ లేని ఆయనకు ఇంటికి చేరడానికి 50 పౌండ్లు ఇచ్చింది ఎవరో తెలుసా? స్టీఫెన్‌సన్ కొడుకు రాబర్ట్! చదివినప్పటి నుంచీ ఈ ఒక్క విషయం నన్ను వదలడం లేదు.

1833లో డార్ట్‌ఫర్డ్‌లో పోయాడు. తోటి పనివాళ్లే చందాలు వేసుకుని మట్టి చేశారు. సమాధి మీద పేరు కూడా లేదు. మీ పిల్లలకు రైలు కథ చెప్పేటప్పుడు, దయచేసి ట్రెవిథిక్‌తో మొదలుపెట్టండి.