గార పళ్ళు, తెల్లని మందు

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రాంతమున, ఉస్మానియా వైద్యశాలకు చేరువనున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు ఉదయపు వేళ పోయి చూచినచో, చీటీలిచ్చు కిటికీ ముందు బారులు తీరిన జనములో దవడ వాచి గుడ్డ చుట్టుకొన్నవారును, పిల్లల పిప్పిపళ్ళు చూపవచ్చిన తల్లులును, కట్టుడుపళ్ళకై వచ్చిన వృద్ధులును ఎక్కువగా కనబడుదురు. ఆ బాధాపీడితుల నడుమ, ఏ నొప్పియు లేక కేవలము పళ్ళ రంగు మార్చుకొనుటకై వచ్చిన పడుచువారు కొందఱు, తమ కోరిక అక్కడివారి యక్కరల ముందు చిన్నదేమో యను సంకోచముతో గోడవార నిలిచియుందురు. ఆ కోరిక చిన్నదని తలచుట నాకు న్యాయముగా తోపదు. నవ్వవలసినప్పుడెల్ల చేయి అడ్డము పెట్టుకొని పెరిగిన యువతికి ఆ గార వదలుట అలంకారము కాదు. నలుగురిలో నోరు తెఱచి మాటాడు స్వేచ్ఛ. అయినను నగరపు ప్రతి వీధిలోను, తుదకు కేశసంస్కారశాలలలో సైతము, గంటలో పళ్ళను తెల్లచేయుదుమను పలకలు వ్రేలాడుచుండగా, ఆ మందు పంటికి నిజముగా నేమి చేయును, ఎవరి చేతిలో అది నిరపాయకరము, ఎవరి చేతిలో కాదు అనునవి ఎఱిగినవారి ముఖతః విని, కంటితో చూచి రావలెనను సంకల్పముతో నేను అచటికి వెళ్ళితిని.

మన తెలుగునాట ఈ విషయమునకు ఇతర ప్రాంతములలో లేని యొక విశేషమున్నది. భూగర్భజలములోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని మన దేశమున వైద్యులు తొలుత శాస్త్రీయముగా వర్ణించినది 1937లో. అది అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాకు చెందిన, తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతముల గుఱించియే. నల్లగొండ జిల్లాలోని మఱ్ఱిగూడెము, చండూరు మొదలగు తావుల వ్యథ అందఱెఱిగినదే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని మన ప్రమాణములు చెప్పుచుండగా, అంతకు ఎన్నో రెట్లున్న బోరునీటిని త్రాగి పెరిగిన పిల్లలకు, చిగుళ్ళ లోపల పన్ను ఇంకను రూపొందుచున్న కాలముననే పైపొరయగు ఎనామెలు లోపభూయిష్టమై, సుద్దవలె తెల్లని మచ్చలును, ఆపై గోధుమరంగు గారయు ఏర్పడును. ఇప్పుడు ఆ పల్లెలకు కృష్ణాజలములు కుళాయిలలో వచ్చుచున్నను, బాల్యమున ఏర్పడిన ఆ మచ్చను ఏ మంచినీరును కడుగజాలదు.

నేను కలిసికొన్న అధ్యాపకురాలు పళ్ళను పెఱకక నిలుపుట ప్రధాన విద్యగా గల విభాగమున చిరకాలముగా పనిచేయుచున్న వైద్యురాలు. ఆమె మందు సంగతి ముందుగా ఎత్తలేదు. గార సంగతి ఎత్తినది. “తెల్లచేయమని అడుగుతారు సరే, అసలు ఎందుకు నల్లబడిందో తెలియకుండా మేము చేయి పెట్టకూడదండీ,” అని ఆమె విద్యార్థులను చుట్టును నిలుపుకొని వివరింపసాగినది. టీ, తాంబూలము, గుట్కా, పొగాకు వీనివలన పైపైన పట్టిన గారయు, గట్టిపడిన పాచియు క్లీనింగుతోనే చాలవఱకు పోవును. దానికి ఈ మందు అక్కఱయే లేదు. వయస్సుతో వచ్చు పసుపుదనము ఈ మందునకు చక్కగా లొంగును. పసితనమున వాడిన టెట్రాసైక్లిన్ మందు వలన లోపలి పొరయందు పట్టిన బూడిదరంగు నెలల తరబడి వాడిననేగాని కదలదు. ఒక్క పన్ను మాత్రమే నల్లబడినచో, ఎన్నడో తగిలిన దెబ్బకు లోని నరము చచ్చినదేమో ఎక్స్‌రే తీసి చూడవలెను. పిప్పిపన్నుగాని, పగులుగాని, అరిగి బయటపడిన వేరుగాని ఉన్నచో మందు ఆ దారిని తిన్నగా పంటి గుజ్జును చేరి తీవ్రమైన బాధ కలిగించును గనుక ముందు వానికి చికిత్స జరుగవలెను. క్యాపులును, పంటిరంగు సిమెంటు పూతలును ఈ మందునకు రంగు మాఱవు. చుట్టునున్న పళ్ళు తెల్లబడినపిమ్మట అవి రంగు కలియక వేరుగా కనబడునని రోగికి ముందే చెప్పవలెను. గర్భిణులకును, చంటిబిడ్డల తల్లులకును తరువాత రమ్మని చెప్పుదురు. ఆ యుదయమున నేను కూర్చున్నంతసేపును కుర్చీ యెక్కినవారిలో ఎక్కువమందికి ఆమె తెల్లచేయు మందు పెట్టనేలేదు. ఒక ఆటోడ్రైవరును క్లీనింగునకు పంపి, గుట్కా మానుమని మాత్రము గట్టిగా చెప్పినది.

మఱ్ఱిగూడెము వైపునుండి తల్లితో వచ్చిన ఒక యువతి, చిన్న పిప్పి పూడ్పించుకొని, పళ్ళు శుభ్రపఱపించుకొని, మఱల రమ్మన్న నాటికి వచ్చినది. ఆమె పై ముందుపళ్ళపై గోధుమరంగు చాఱలు అడ్డముగా నున్నవి. పెండ్లి మాటలు జరుగుచున్నవని తల్లియే చెప్పినది.

“పిల్లకు నొప్పెడ్తదా మేడం? పండ్లు అరిగిపోతయని మా ఊర్ల అంటున్నరు,” అని తల్లి యడిగినది.

“అరగవమ్మా. ఒకటి రెండు రోజులు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, తర్వాత తగ్గిపోతుంది. కానీ ఒక మాట వినండి: గోధుమరంగు తగ్గుతుంది, తెల్లమచ్చలు మాత్రం పూర్తిగా పోవు. మొదట్లో ఇంకా ఎక్కువ కనబడతాయి కూడా. అప్పుడు వేరే పద్ధతి చూద్దాం.”

ఆ వేరే పద్ధతి యేదని పిదప నేనడుగగా, ఆమ్లము కలిసిన ముద్దతో ఎనామెలు పైపొరను మిల్లీమీటరులో పదవవంతునకు అటునిటుగా రుద్ది తీయుటయో, రంధ్రములుగల ఆ పొరలోనికి పలుచని రెజిను ఇంకించుటయో యని చెప్పినది. పొందజాలని ఫలితమును ముందే చెప్పిన ఆ మాట నాకు వైద్యమునందలి నిజాయితీకి గుఱుతుగా తోచినది.

ఇక పని జరిగిన తీరు. వరుసగా పేర్చిన పదునాఱు నమూనా రంగుల దంతములున్న పలకను యువతి పళ్ళ ప్రక్కన పట్టి, ఏ రంగుతో సరిపోయినదో వ్రాసికొని, ఫొటో తీసిరి. పెదవులకు లేపనము రాచి, వానిని వెడలుపుగా పట్టు చట్రమును అమర్చి, రోగికిని వైద్యురాలికిని కంటియద్దములు తగిలించిరి. తరువాత చిగుళ్ళ అంచువెంట నీలిరంగు జెల్లును పళ్ళ మెడల వఱకు జాగ్రత్తగా పూసి, దీపకాంతితో గట్టిపఱచిరి. నేను చూచినంతలో అన్నిటికంటె ఎక్కువ కాలము పట్టినది ఆ కట్ట వేయుటకే. ఒక విద్యార్థిని పూసినదానిలో రవంత సందు కనబడగా అధ్యాపకురాలు దానిని తీయించి మఱల వేయించినది. ఏలనన అచట వాడు హైడ్రోజన్ పెరాక్సైడు సుమారు 35 శాతము గాఢతగలది. మెత్తని చిగురునకు సోకినచో క్షణములలో అది తెల్లగా కమిలి మండును. ఆ మంట కొలదికాలములోనే మానునదే యైనను, కట్ట లేకుండ ఈ మందును నోట పెట్టుట అపరాధమని ఆమె విద్యార్థులకు ఖండితముగా చెప్పినది. కట్ట గట్టిపడిన తరువాతనే మందు పూసి, పావుగంటసేపు ఉంచి, గొట్టముతో పీల్చివేసి, మఱల పూసిరి. నడుమ నడుమ “జివ్వుమంటే చెయ్యెత్తమ్మా” అని అడుగుచునే యుండిరి.

ఆ మందు పంటిని గీకదు, కరిగింపదు. ఇది సామాన్యజనులెఱుగని ముఖ్యాంశము. కొత్తకుండ గోడలో నీరు చెమర్చినట్లు అది ఎనామెలులోని సూక్ష్మరంధ్రములగుండ డెంటినులోనికి ఇంకి, అచట రంగునిచ్చు పెద్ద అణువులను ఆమ్లజనముతో విడగొట్టి వర్ణహీనములుగా చేయును. కొలది నిమిషములలోనే పంటి గుజ్జును సైతము చేరును. చల్లనికి జివ్వుమనుట అందువలననే. క్రింది ముందుపళ్ళు సన్ననివి గనుక అవి ముందుగా జివ్వుమనును. వానిపై మందును తక్కువసేపు ఉంతురు. పొటాషియము నైట్రేటు, ఫ్లోరైడు కలిసిన లేపనము ఆ బాధను తగ్గించును. సక్రమముగా వాడినప్పుడు ఎనామెలు గట్టిదనమునందు స్వల్పముగా కలుగు మార్పు లాలాజలపు ఖనిజములవలన సర్దుకొనును. దీనికి భిన్నముగా, ఇంటిలో నిమ్మరసము, ఇటుకపొడి, బొగ్గుపొడి వాడువారి పళ్ళు నిజముగా అరిగిపోవును. నిమ్మరసపు ఆమ్లము ఎనామెలును కరిగించును, పొడి దానిని గీకును, పోయిన ఎనామెలు మఱల పుట్టదు. దీపములు వెలిగించి గొప్పగా ప్రకటించు కొన్ని పద్ధతుల గుఱించి అడుగగా, ఆ వెలుగు శాశ్వతఫలితమును చెప్పుకోదగినంతగా పెంచదనియు, వేడి పుట్టించునదైనచో పంటి గుజ్జునకు కీడేయనియు ఆమె చెప్పినది. కుర్చీ దిగగానే కనబడు తెలుపులో కొంత భాగము పళ్ళు ఎండిపోవుటవలన వచ్చినది. అవి తడి పీల్చుకొన్నపిమ్మట కొంత తగ్గును. అసలు రంగును కొలుచుటకు వారము రెండువారములు ఆగవలెను. రంగు పూత వేయవలసియున్నను, అప్పటికిగాని పన్ను దానిని గట్టిగా పట్టదు.

గాఢమైన మందు ఒక్కటే మార్గము కాదు. 1989లో అమెరికాలో హేవుడ్, హేమన్ అను దంతవైద్యులు ప్రకటించిన పద్ధతిలో, రోగి పళ్ళ అచ్చు తీసి, దానికి సరిపోవు పలుచని తొడుగు చేసి, అందులో 10 శాతము కార్బమైడ్ పెరాక్సైడును వేసి రాత్రివేళ పెట్టుకొనుమందురు. అందు నిజముగా విడుదలయగు హైడ్రోజన్ పెరాక్సైడు సుమారు మూడున్నర శాతమే. రెండువారములో, అంతకు మించియో పట్టును. కాని ఫలితము తక్కువ కాదు, బాధ తక్కువ. అవకాశమున్నవారికి ఈ నిదానపు మార్గమునే మొదట సూచింతునని ఆమె యనినది. నేనును ఆ పక్షమే.

మఱియొక కుర్చీలో, బడి యీడున పడి దెబ్బ తగిలి ఒక ముందుపన్ను నల్లబడిన యువకుడుండెను. నరము చచ్చిన అట్టి పంటికి రూట్ కెనాల్ చేసి, లోపలనే మందు పెట్టి మూసి తెల్లచేయుదురు. పూర్వము ఇట్టి పళ్ళలో 30 శాతము పెరాక్సైడు పెట్టి వేడిచేయు అలవాటుండెడిది. ఆ పిమ్మట వేరు మెడ దగ్గఱ ఎముకను పన్నును తినివేయు క్షయము కలిగిన రోగులను 1979లో హారింగ్టన్, నాట్కిన్ అనువారు వర్ణించిన తరువాత వైద్యులు జాగరూకులైరి. ఇప్పుడు వేరు ముఖమును సిమెంటుతో మూయక మందు పెట్టరు, వేడి చేయరు, కొన్నేండ్లవఱకు ఎక్స్‌రేలతో కనిపెట్టియుందురు. ఈ విద్య తనవల్ల జరిగిన కీడును గుర్తించి దిద్దుకొన్నది. వీధి దుకాణమునకు ఆ జ్ఞాపకము లేదు.

ఐరోపా దేశములలో 2012 చివరినుండి అమలైన నిబంధనలు ఈ వివేకమునే చట్టముగా చేసినవి: 0.1 శాతము లోపు పెరాక్సైడు గల సరకు ఎవరైనను కొనవచ్చును; ఆపై 6 శాతము వఱకు దంతవైద్యునికే అమ్మవలెను, తొలి వాడుక అతని పర్యవేక్షణలోనే జరుగవలెను; పదునెనిమిదేండ్లలోపు వారికి వాడరాదు. పళ్ళు తెల్లచేయుట దంతవైద్యమేయని ఇంగ్లండు ఉన్నత న్యాయస్థానము 2013లో తీర్పు చెప్పినది. మన దేశమున 1948 నాటి దంతవైద్యుల చట్టమే నమోదు కాని వ్యక్తి దంతవైద్యము చేయరాదని విధించినది. ఆ మాట కేశసంస్కారశాలల వెనుకగదులలో జరుగు ఈ పనికిని వర్తింపజేసి తీరవలెనని నా దృఢాభిప్రాయము.

యువతి అద్దములో చూచుకొన్నప్పుడు గోధుమచాఱలు లేత పసుపునకు దిగినవి; తెల్లమచ్చలు, వైద్యురాలు చెప్పినట్లే, కొంత ప్రస్ఫుటమైనవి. ముందుగా చెప్పియుండుటచే తల్లీ కూతుళ్ళిరువురును కలవరపడలేదు. కొన్నాళ్ళు కాఫీ, టీ, పసుపు వేసిన కూరలు తగ్గించుమని, ఐసు ముట్టవద్దని చెప్పి, రెండువారములకు మఱల రమ్మని చీటీ వ్రాసి యిచ్చిరి.

పాఠకులకు నా విన్నపము ఇది. పళ్ళు తెల్లచేయించుకొనదలచినచో నిస్సంకోచముగా చేయించుకొనుడు. అర్హుడగు దంతవైద్యుడు నోరు పరీక్షించి, గారకు కారణము చెప్పి, చిగుళ్ళకు కట్ట వేసి చేసినప్పుడు అది నిరపాయకరమైన చికిత్సయే. కాని నోరు తెఱపించి చూడకయే మందు పూయుదుమనువారి కుర్చీని మాత్రము ఎక్కకుడు. ఎక్కుటకు ముందు ఆ మందు ఎన్ని శాతములో, చేయువారి నమోదు సంఖ్య యేదో అడిగి తెలిసికొనుడు.