రెండు గిలకల బావి

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గంలోని విద్యార్థులు అడిగినప్పుడు, వారు నా నుంచి ఎదురుచూచింది ప్రబంధాల మీదనో ఛందస్సు మీదనో ఒక వ్యాసాన్ని. ప్రతి సంవత్సరమూ నేను ఇచ్చేది అదే, వారు అచ్చు వేసేదీ అదే. ఎందరు చదువుతారో విచారించడం మర్యాద కాదని నేనెన్నడూ అడుగలేదు. ఈసారి మాత్రం ఆటలాడే కంప్యూటరులో అమర్చే మెమొరీని గురించి వ్రాస్తున్నాను. తెలుగు అధ్యాపకునికి ఇందులో పని ఏమిటని కళాశాల కమిటీ పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. నాకు పని లేని చోట తల దూర్చి ఒక పిల్లవాని ఏడు నెలల సంతోషాన్ని తగ్గించాను. ఆ సంగతి చెప్పుకోవలసి ఉన్నది.

మా ఆపా కుమారుడు 2025 వేసవిలో ఇంటర్మీడియట్ ముగించాడు. ఇంజనీరింగులో చేరబోయే కొడుకు కోసం మా దూల్హాభాయి దమ్మాం నుంచి నలభై వేల రూపాయలు పంపి, "మీరు దగ్గరుండి మంచి కంప్యూటరు కొనిపించండి" అని నాకు ఫోను చేశారు. డబ్బు పంపినవారి దృష్టిలో అది చదువు కోసం. కొనిపించుకొనేవాని దృష్టిలో చదువుకూ, దానితోబాటు కారు పందేల ఆటకూ. ఈ రెండు దృష్టులకూ నడుమ నేను పెద్దమనిషిని. "తయారుగా దొరికేది వద్దు మామూ, విడిభాగాలు కొని మనమే అమర్చుకొందాం" అన్నాడు మేనల్లుడు. అందులో ఆ "మనమే" అనే మాట నాకు ఎంతో నచ్చింది. నచ్చినందువల్లనే కాబోలు, దాని అర్థం మరచిపోయాను.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళినవారికి తెలుసు, అక్కడ ఏ అంతస్తులో చూచినా కంప్యూటరు భాగాలే. పిల్లవాడు ఒక నోటుపుస్తకపు కాగితం మీద జాబితా వ్రాసుకొని వచ్చాడు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలంటే ఉన్న సొమ్ములో సగం దానికే పోతుంది. కనుక బొమ్మలు గీచే శక్తి తనలోనే కలిగిన ప్రాసెసరును, ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి అనేదానిని, ఎంచుకొన్నాడు. దానికి తగిన మదర్‌బోర్డు, పెట్టె, కరెంటు సరఫరా చేసే డబ్బా, నిలువ కోసం ఎస్.ఎస్.డి., ఒక తెర. వీటి విషయంలో వాడు చెప్పినదానికి నేను తల ఊపాను, ఎందుకంటే నాకేమీ తెలియదు. చిక్కు అంతా తెలుసుననుకొన్న చోట వచ్చింది.

జాబితాలో ర్యామ్ దగ్గర "8 + 8" అని ఉన్నది. దుకాణదారు రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పదహారు గిగాబైట్ల కడ్డీ, మరొకటి ఎనిమిదేసి గిగాబైట్ల రెండు కడ్డీల జత. జతకు నాలుగు వందలు ఎక్కువ. (రంగురంగుల దీపాలు వెలిగే మూడో రకాన్ని కూడా చూపబోయాడు గాని, పెండ్లి పందిరి మనకెందుకని వద్దన్నాను.) మదర్‌బోర్డులో ఉన్నవి రెండే గూళ్ళు. నేను పెద్దరికంతో ఆలోచించాను. ఒకే కడ్డీ తీసుకొంటే నాలుగు వందలు మిగులుతాయి, ఒక గూడు ఖాళీగా ఉంటుంది, వచ్చే నెలో పై నెలో మరొకటి కొని పెడితే ముప్పైరెండు అవుతుంది. "మామూ, రెండుంటే వేగం..." అని వాడేదో అనబోయాడు. "పదహారైతే ఒకటైనా పదహారే, రెండైనా పదహారే గదా" అన్నాను. దుకాణదారు "సార్ లెక్క కరెక్టు" అన్నాడు. మేనల్లుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొన్నాడు. మా ఇళ్ళలో మామూ మాటకు పిల్లలు ఎదురు చెప్పరు. దాన్ని నేను అంగీకారమనుకొన్నాను.

మెమొరీ అంటే ఏమిటో నాకు బాగా తెలుసునన్న ధీమా నా వృత్తి వల్ల కలిగింది. తరగతిలో అష్టావధానం చెప్పేటప్పుడు ధారణను గురించి ప్రతి ఏడూ చెబుతాను. పృచ్ఛకులు ఒకరి తరువాత ఒకరు ప్రశ్నిస్తుంటే, ఒకరు గంట కొడుతుంటే, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో వేధిస్తుంటే, అవధాని సగం చెప్పిన పద్యాలన్నింటినీ మనస్సులో నిలుపుకొని చివరకు వరుసగా అప్పజెప్తాడు. అతని ఇంటిలోని గ్రంథాలయం వేరు, సభలో ఆ గడియకు ఉండే ధారణ వేరు. కంప్యూటరులోనూ అంతే. ఎస్.ఎస్.డి. గ్రంథాలయమైతే ర్యామ్ ధారణ. సభ ముగిసిన తరువాత, అంటే కరెంటు పోయిన తరువాత, అందులో ఏమీ మిగలదు. ఉర్దూలో దీనికి యాద్‌దాష్త్ అన్న చక్కని మాట ఉన్నది. ఆ యాద్ నుంచే మన తెలంగాణలో "యాది" వచ్చింది. "యాదికి లేదు సార్" అని మన విద్యార్థులు పరీక్షలో నాతో అనేది పారసీక పదమని వారిలో ఎందరికి యాది ఉన్నదో!

ఈ ధారణ యంత్రానికి ఎలా అబ్బిందో తరువాత చదివి ఆనందించాను. ఐ.బి.ఎం.లో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో ఒక ఊహ కలిగింది. ఒక చిన్న ట్రాన్సిస్టరు, విద్యుత్తును పట్టి ఉంచే ఒక చిన్న కెపాసిటరు, ఈ రెండింటితో ఒక అంకెను నిలుపవచ్చునని. 1968లో దానికి పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ సంస్థ అమ్మకానికి తెచ్చిన 1103 అనే చిప్పులో అంకెలను నిలిపే గదులు 1,024 ఉండేవి. నేను బల్ల మీద నుంచి తీసుకొన్న వేలెడు కడ్డీలో అవి 13,700 కోట్లకు పైమాట. పైగా ఆ గదులలోని విద్యుత్తు చిల్లికుండలో నీరు వలె కారిపోతూనే ఉంటుందట. కనుక ప్రతి గదినీ 64 మిల్లీసెకండ్లలోపల ఒకసారి తిరిగి నింపుతూ ఉండాలి. ఎక్కాలు వల్లె వేసే పిల్లవాడు ఒక్క క్షణం ఆగితే మరచిపోయినట్లన్నమాట.

ఇంత తెలిసినా తెలియనిది ఒకటున్నది. అది డిసెంబరులో తెలిసింది.

ఆపా ఇంటికి ఒక ఆదివారం వెళ్ళాను. వాడు ఫోర్జా హొరైజన్ 5 అనే కారు పందేల ఆట ఆడుతున్నాడు. మెక్సికో దేశపు రోడ్లు, ఎడారులు, వానలు అందులో మహాద్భుతంగా ఉంటాయి. అయితే మలుపు వచ్చినప్పుడల్లా కారు ఎక్కిళ్ళు పెట్టినట్లు ఆగి ఆగి పోతున్నది. "ఇదేమిటిరా?" అంటే "బాగానే ఉంది మామూ" అన్నాడు. తెర మూలన ఒక అంకె కనబడుతున్నది. సెకండుకు ఎన్ని బొమ్మలు గీస్తున్నదో అది చెబుతుందట. 30 దాటడమే గగనంగా ఉన్నది. ఎంత ఉండాలని అడిగాను. జవాబు చెప్పకుండా టాస్క్ మేనేజరు తెరిచి చూపించాడు. వేగం 2133, వాడుకలో ఉన్న గూళ్ళు రెండింటిలో ఒకటి. పొట్లం మీద మాత్రం 3200 అని ఉన్నది గదా అంటే, ఆ వేగం దానంతట అది రాదనీ, బయాస్‌లోనికి వెళ్ళి ఎక్స్.ఎం.పి. అనే అమరికను ఆన్ చేయాలనీ చెప్పాడు. తెలిసీ ఎందుకు చేయలేదంటే, దుకాణంలో బిగించి ఇచ్చినదాన్ని కదిలిస్తే పాడవుతుందేమో, మామూ ఏమంటాడోనని ఊరుకొన్నాడట. ఏడు నెలలు.

అప్పుడు నెమ్మదిగా అడిగి చెప్పించుకొన్నాను. వాడు చెబుతున్నంతసేపూ నాకు మా ఊరి పాత ఇంటి బావి కళ్ళ ముందు నిలిచింది. ఆ బావికి రెండు గిలకలు. పండుగ రోజున అమ్మీ ఒక గిలక మీద, ఆపా మరొక గిలక మీద చేదుతుంటే చూస్తుండగానే తొట్టి నిండేది. పెద్ద బొక్కెన ఒకటి తెచ్చి ఒకే గిలకకు కట్టినంత మాత్రాన తొట్టి త్వరగా నిండదు. ప్రాసెసరుకూ మెమొరీకీ నడుమ రెండు దారులున్నాయి. ఒక కడ్డీ ఉంటే ఒక దారి మాత్రమే నడుస్తుంది. దారికొక కడ్డీ ఉంటే రెండూ నడుస్తాయి. 3200 వేగంలో ఒక దారిన సెకండుకు 25.6 గిగాబైట్లు, రెండు దారుల 51.2. మా కడ్డీ 2133 వేగంలో ఒకే దారిన చేదుతున్నది సుమారు 17. అంటే ఈ ప్రాసెసరు పొందదగినదానిలో మూడవ వంతు.

విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఇంత బాధ ఉండదు, ఎందుకంటే ఆ కార్డుకు సొంత మెమొరీ ఉంటుంది. మా కంప్యూటరులో బొమ్మలు గీచేవాడూ లెక్కలు చేసేవాడూ ఒకే బావి నీళ్ళు తాగాలి. ఆ సంగతి పిల్లవాని కాగితంలో ఉన్నది. నా పెద్దరికంలో లేదు.

నా తలకు బాగా ఎక్కింది మరొక అంకె. కడ్డీ మీద 3200 పక్కన సి.ఎల్. 16 అని ఉంటుంది. బొక్కెన వేసిన తరువాత నీరు పైకి రావడానికి ఎన్ని తాళాలు పడతాయో అది చెబుతుంది. తాళాల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాము. తాళం ఎంత పొడవైనదో కూడా చూడాలి. మాత్రల లెక్క తెలిసినవానికి ఇది కష్టం కాదు. సి.ఎల్. అంకెను 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకండ్లు వస్తాయి. 3200కు 16 అయితే 10. 3600కు 18 అయినా 10. ఎక్కువ సొమ్ము పెట్టి 3600 కొన్నవాని నీరు ధారగా ఎక్కువ వస్తుంది గాని, మొదటి చుక్క ముందుగా రాదు. అదే 3200కు 22 అయితే 13.75. ఛందస్సు చెప్పే నేను మొదటే ఈ లెక్క వేసి ఉండవలసింది. దుకాణంలో నేను చూచినది పదహారు అన్న ఒక్క అంకెనే.

సరే, రెండో కడ్డీ కొందామని మరునాడే బయలుదేరాను. మే నెలలో మూడు వేల చిల్లరకు కొన్న కడ్డీ ధర రెట్టింపు దాటి ఉన్నది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలకు మెమొరీ విపరీతంగా కావలసి వచ్చిందట. ప్రపంచంలో ఈ చిప్పులను అధికంగా చేసేది శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే. వారు తమ కార్ఖానాలను అటు తిప్పారు, పాతబడుతున్న డి.డి.ఆర్.4ను తగ్గించారు. అమెరికాలో ఎవరో యంత్రాన్ని ఆలోచింపజేయడానికి సంకల్పిస్తే సికింద్రాబాదులో నేను జేబు తడుముకోవలసి వచ్చింది. ఖాళీగా అట్టిపెట్టిన గూటిలో భవిష్యత్తు ఉన్నదన్నాను గదా, అదీ సరి కాదని వాడు అప్పుడు చెప్పాడు. 2022లో వచ్చిన ఎ.ఎం.డి. కొత్త పద్ధతి బోర్డులు డి.డి.ఆర్.5నే పుచ్చుకొంటాయి. మా కడ్డీ వాటి గూళ్ళలో దిగనే దిగదు, గాటు ఉన్న చోటు వేరు.

మార్గం వాడే కనిపెట్టాడు. వాని తరగతిలోని ఒక మిత్రునికి విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నది, ఎనిమిదేసి కడ్డీలు రెండున్నాయి, గూళ్ళు రెండూ నిండి ఉన్నాయి. ధరలు దిగిన తరువాత ముప్పైరెండు చేసుకోవాలని అతని కోరిక. మా పదహారు అతనికి, అతని జత మాకు. సొంత మెమొరీ గల కార్డు ఉన్నది గనుక అతనికి అంతవరకు పెద్ద నష్టం లేదు. నాడు దుకాణంలో నేను చేసిన వాదన తప్పు కాదనీ, అది ఆ పిల్లవాని కంప్యూటరుకు సరిపోయే వాదన అనీ నాకప్పుడు అర్థమైంది.

కడ్డీలు మార్చేటప్పుడు నేను పక్కన టార్చి పట్టుకొని నిలబడ్డాను. వాడు ముందుగా ఇనుప పెట్టెను తాకి ఒంటిలోని విద్యుత్తును పోగొట్టుకొన్నాడు. గాటు చూచుకొని రెండు చివరలా నొక్కాడు. టక్కుమన్నది. బయాస్‌లో ఎక్స్.ఎం.పి. ఆన్ చేసి, "ఎఫ్ టెన్ మీరు నొక్కండి మామూ" అన్నాడు. నొక్కాను. ఒకసారి తెర నల్లబడి, నా గుండె ఆగి, మళ్ళీ వెలిగింది. వేగం 3200, గూళ్ళు రెండింటికి రెండు. మెక్సికో మలుపులో కారు ఎక్కిళ్ళు పెట్టలేదు. మూలన అంకె 60కి అటూ ఇటూ ఆడుతున్నది. వంటింటిలో నుంచి ఆపా "అది చదువేనా?" అని కేక వేసింది. మేమిద్దరమూ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి దమ్మాం నుంచి ఫోను వచ్చింది. తప్పు నాదేనని, పిల్లవాడు మొదటే సరిగ్గా చెప్పాడని, నేను విననే లేదని ఉన్నదున్నట్లు దూల్హాభాయికి చెప్పాను. ఆయన కొంచెంసేపు ఊరుకొని, "ఇప్పుడు ఎంత ఖర్చయింది?" అన్నారు. ఏమీ కాలేదన్నాను. "అయితే ఫోను వాడికివ్వండి" అన్నారు.